చప్పుడు చేయని కంప్యూటర్ క్యాబినెట్ ఏది? రికార్డింగ్ మొత్తం 'వూం' అంటోంది

గొంతు_సవరణ
ఆడియో కథలు చదివి రికార్డ్ చేస్తుంటాను. మైకు, సిస్టమ్ ఒకే బల్ల దగ్గర. సిస్టమ్‌ని వేరే గదిలో పెట్టే వీల్లేదు కాబట్టి ఆ సలహా ఒక్కటి వద్దు. ప్రతి ఫైల్లోనూ నా గొంతు వెనకాల సన్నగా 'వూం...' అని రొద. నాయిస్ ఫిల్టర్ గట్టిగా వేస్తే బకెట్లో తల పెట్టి చదివినట్టు వస్తోంది.

ఇప్పుడున్న క్యాబినెట్ ఐదారేళ్ల నాటిది. రేకు పల్చన, వేలితో కొడితే డప్పులా మోగుతుంది. ముందు 120 మి.మీ. ఫ్యాన్లు రెండు, వెనక ఒకటి, ప్రాసెసర్‌తో పాటు వచ్చిన కూలరే. గ్రాఫిక్స్ కార్డ్ మధ్యరకం, 160 వాట్లు. ఒక ఎస్‌ఎస్‌డీ, రెండు పాత హార్డ్ డిస్కులు (ఇన్నాళ్ల రికార్డింగులన్నీ వాటిలోనే).

లోపల ఫోమ్, ముందు తలుపు ఉండేవి చూస్తున్నాను. ఫ్రాక్టల్ డిఫైన్ 7, బీ క్వైట్ సైలెంట్ బేస్ 802. ఏది కొంటే ఈ రొద పోతుంది?

మెష్‌వాది
రెండూ వద్దు. ముందు తలుపు మూస్తే గాలంతా పక్క సందుల్లోంచి దూరాలి. ఆ గాలి చాలక ఫ్యాన్ ఎక్కువ తిరుగుతుంది, తిరిగితే అరుస్తుంది, ఆ అరుపు ఆపడానికి మళ్లీ ఫోమ్. కుండ మూతికి మూకుడు పెట్టొచ్చు గానీ ఫ్యాన్ మూతికి పెట్టలేం. ముందంతా జల్లెడలా ఉన్నది తీసుకుని ఫ్యాన్లు 600 ఆర్పీఎం (నిమిషానికి 600 తిప్పులు) దగ్గర తిప్పుకో.

డబ్బా_ప్రియుడు
వచ్చాడండీ. నేను ఏళ్ల తరబడి డిఫైన్ ఆర్5 వాడుతున్నా. డిస్క్ గీక్కున్నా, కార్డ్ కీచుమన్నా తలుపు మూస్తే సగం వినపడదు. నీ జల్లెడలో ఏ చప్పుడైనా సూటిగా చెవిలోకే.

మెష్‌వాది
నీ కార్డ్ ఎన్ని వాట్లు?

డబ్బా_ప్రియుడు
75

మెష్‌వాది
దానికి దుప్పటి కప్పినా నడుస్తుంది. 300 వాట్ల కార్డ్ పెట్టి ఆ తలుపు మూసి చూపించు, నా పేరు మార్చుకుంటా.

బుసబుస
నా దగ్గర 300 వాట్లది ఉంది, తలుపున్న క్యాబినెట్టే. గేమ్ మొదలెట్టాక తలుపు తెరిచే ఉంచుతా. అంటే తలుపుకి డబ్బిచ్చి మరీ తెరిచి పెట్టుకున్నా.

పాత_ఇనుము
మీ ఇద్దరి మాటా నిజమే, కాకపోతే ఏ కాలానికి ఏది అన్నదే తేడా. 2005లో ఆంటెక్ పీ180 అనే క్యాబినెట్ వచ్చింది. సైలెంట్ పీసీ రివ్యూ అనే వెబ్‌సైట్ నడిపిన వాళ్లు దాని డిజైన్‌లో చెయ్యేశారు. లోపల రెండు అరలు: కింద పవర్ సప్లై, డిస్కులు, పైన మిగతావి. పక్క తలుపులు ఒట్టి రేకు కాదు, మధ్యలో ప్లాస్టిక్ పొర పెట్టి నొక్కినవి. అప్పటి సమస్యకి అది సరైన మందు. అప్పట్లో డిస్క్ తిరగడం, గీకడం అన్నీ లోపలే, వాటిని నెమ్మదించే దారి లేదు. అందుకే పెట్టె మూయాల్సి వచ్చింది.

ఇప్పుడు డిస్కుల చోటికి ఎస్‌ఎస్‌డీలొచ్చాయి. చప్పుడంతా ఫ్యాన్లదే, వాటిని నెమ్మదించడం మన చేతిలో ఉంది. ఫ్యాన్ వేగం సగానికి తగ్గిస్తే దాని చప్పుడు దాదాపు 15 డెసిబెల్ పడిపోతుంది. 10 పడితేనే చెవికి సగమైనట్టు అనిపిస్తుంది. గాలి మాత్రం సగమే తగ్గుతుంది. ఇంత లాభం ఏ ఫోమూ ఇవ్వదు.

ఇంకోటి. ఆ ఫోమ్ తినేది కీచు శబ్దాలను, గాలి బుసను. 'వూం' లాంటి మంద్ర శబ్దానికి వేలెడు మందం లేని ఫోమ్ అడ్డే కాదు. కొన్ని పెట్టెల్లో తారు లాంటి బరువైన షీట్ అతికిస్తారు, అది వేరే పని చేస్తుంది: రేకు బరువెక్కి కంపించడం తగ్గుతుంది. ఈ రెంటినీ కలిపి 'సౌండ్‌ప్రూఫ్' అని అమ్ముతుంటారు.

సవరణ గారూ, మీరు రాసిన అక్షరం 'వూం'. 'స్స్' అని రాయలేదు. అందుకే అడుగుతున్నా, ఆ శబ్దం ఎక్కడిదో ఎప్పుడైనా వెతికారా?

గొంతు_సవరణ
లేదు. సిస్టమ్ దగ్గర్నుంచి వస్తోందనే తెలుసు.

కీచురాయి
తిలాపాపం తలా పిడికెడు. సిస్టమ్ అంటే అందులో ఆరేడు మంది పాడుతుంటారు. ముందు పక్క రేకు తీసి, ఒక్కో ఫ్యాన్‌ని మధ్య గుండ్రం మీద వేలితో ఆపి (రెక్కల మీద కాదు!) చెవి పెట్టి విను. మందపాటి కాగితం గొట్టంలా చుట్టి ఒక కొస చెవికి, ఇంకో కొస అనుమానితుడి దగ్గర పెట్టు. డాక్టర్ గారి స్టెతస్కోపే.

రెండోస్క్రూ
నేను రెక్కల మీద పెట్టి చూశా. వేలు బాగానే ఉంది, రెక్కే పోయింది. ఒక రెక్క పోతే ఫ్యాన్ ఎంత కొత్త కొత్త రాగాలు తీస్తుందో.

నిదానం_140
క్యాబినెట్ ఏదైనా 140 మి.మీ. ఫ్యాన్లు పట్టేది చూడు బ్రో. అదే గాలికి 120 కంటే నెమ్మదిగా తిరుగుతాయి.

గొంతు_సవరణ
బ్రో కాదు, అక్కా అనొచ్చు :)

నిదానం_140
సారీ అక్కా. 140 మాత్రం 140యే.

బుసబుస
ఫ్యాన్ పెట్టె మీద 18 డెసిబెల్, 22 డెసిబెల్ అని రాస్తారు కదా, అవి చూసి కొంటే సరిపోదా?

కీచురాయి
ఒక్కో కంపెనీ ఒక్కో దూరంలో, ఒక్కో పద్ధతిలో కొలుస్తుంది. ఒకే కంపెనీ రెండు ఫ్యాన్లు పోల్చుకోవడానికి పనికొస్తాయి, రెండు కంపెనీల మధ్య కాదు. పైగా గాల్లో వేలాడదీసి కొలిచిన ఫ్యాన్ వేరు, ముందు దుమ్ము జాలీ, వెనక డిస్కుల గూడు ఉన్న ఫ్యాన్ వేరు. గాలి పీల్చే వైపు అడ్డం ఎంత దగ్గరగా ఉంటే అంత రొద. ఫోన్ యాప్‌తో కొలిచిన అంకెలు కూడా పెట్టకండి దయచేసి, ప్రశాంతమైన గది 30 దగ్గర ఉంటే ఫోన్ మైకు తన సొంత గుసగుసే వింటుంది.

గొంతు_సవరణ
పాత_ఇనుము గారూ, కీచురాయి గారూ, రాత్రి కూర్చుని వెతికాను.

1. ముందు ఫ్యాన్లు రెండూ ఎప్పుడు చూసినా 1200. సిస్టమ్ ఖాళీగా ఉన్నా 1200.
2. అన్ని ఫ్యాన్లూ ఒకేసారి కాసేపు ఆపి విన్నాను. బుస పోయింది. 'వూం' పోలేదు!
3. ఆ 'వూం' కూడా ఒకేలా లేదు. పెరుగుతుంది, తగ్గుతుంది, పెరుగుతుంది. లెక్కపెడితే నాలుగైదు సెకన్లకోసారి. ఎవరో ఊపిరి తీస్తున్నట్టు ఉంది, నిజం చెప్తున్నా, ఒక్కదాన్నే ఉన్నాను, భయమేసింది.

రెండోస్క్రూ
సిస్టమ్‌ని కాదు, భూతవైద్యుణ్ణి మార్చాలి.

వైర్లవాన
1వ దానికి నేను చెప్తా. ఆ ఫ్యాన్ల ప్లగ్‌కి పిన్నులు మూడా, నాలుగా?

గొంతు_సవరణ
మూడు.

వైర్లవాన
దొరికింది. మూడు పిన్నుల ఫ్యాన్ వేగం ఓల్టేజ్ తగ్గిస్తేనే తగ్గుతుంది. నాలుగు పిన్నులదానికి ఎప్పుడూ 12 ఓల్టులు ఇచ్చి, నాలుగో తీగ మీద పీడబ్ల్యూఎం సంకేతంతో వేగం చెప్తారు. మీ బయోస్‌లో (సిస్టమ్ ఆన్ అవుతుండగా తెరుచుకునే సెట్టింగుల తెర) ఆ సాకెట్లు పీడబ్ల్యూఎం మోడ్‌లో ఉండుంటాయి. ఫ్యాన్‌కేమో ఆ సంకేతం అందుకునే తీగే లేదు, 12 ఓల్టులు మాత్రం నిండుగా అందుతున్నాయి, అందుకే రాత్రీ పగలూ పూర్తి వేగం. బయోస్‌లోకి వెళ్లి ఆ సాకెట్లని డీసీ మోడ్‌కి, అంటే ఓల్టేజ్‌తో వేగం తగ్గించే పద్ధతికి మార్చండి. రూపాయి ఖర్చు లేదు.

మెష్‌వాది
ఐదారేళ్లు! పూర్తి వేగంతో! ఆ ఫ్యాన్లకి పింఛను ఇవ్వాలి.

పాత_ఇనుము
మూడోది నాకు వదిలేయండి. డిస్కులు రెండూ 7200 ఆర్పీఎంవేనా?

గొంతు_సవరణ
అవును, ఒకే రకం, ఒకేసారి కొన్నవి.

పాత_ఇనుము
నిమిషానికి 7200 అంటే సెకనుకి 120 తిప్పులు. డిస్క్ కాస్త తూకం తప్పినా 120 హెర్ట్జ్ దగ్గర గూడుని వణికిస్తుంది, గూడు మీ డప్పు రేకుని వణికిస్తుంది. ఒక్క డిస్కే అయితే 'వూం' ఒకేలా ఉండేది. రెండు డిస్కులు అచ్చంగా ఒకే వేగంతో ఎప్పుడూ తిరగవు. ఒకటి 120, రెండోది 119.8 అనుకోండి. 5 సెకన్లకోసారి రెండు కంపనాలూ కలిసి ఉబుకుతాయి, మధ్యలో ఒకదాన్నొకటి రద్దు చేసుకుని అణుగుతాయి. మీ దయ్యం ఊపిరి అదే. వీణ తంత్రులు శ్రుతి చేసేటప్పుడు శ్రుతి దగ్గరపడుతుంటే అల అలగా వినిపిస్తుంది చూడండి, అదే ఇది.

మీ రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో స్పెక్ట్రమ్ (ఏ హెర్ట్జ్ దగ్గర ఎంత శబ్దం ఉందో చూపే గ్రాఫ్) తెరిచి 120 దగ్గర చూడండి.

కీచురాయి
చిన్న జాగ్రత్త. మైకు తీగల్లోకి కరెంటు హమ్ దూరినా ఇలాగే గీతలొస్తాయి. సరఫరా 50 హెర్ట్జ్ అయితే 50, 100, 150 దగ్గర. 60 ఉన్న చోట 60, 120 దగ్గర, అక్కడ డిస్క్‌తో కలిసిపోయి మోసం చేస్తుంది. డిస్కుల తీగలు పీకి ఒకసారి, పెట్టి ఒకసారి రికార్డ్ చేస్తే తేలిపోతుంది.

గొంతు_సవరణ
మాది 50. గీత సరిగ్గా 120 దగ్గర, మేకు దిగ్గొట్టినట్టు. సిస్టమ్ ఆపి డిస్కులు రెండూ పీకి మళ్లీ రికార్డ్ చేశా. గీత లేదు! బయోస్‌లో డీసీ మోడ్ కూడా పెట్టా, ముందు ఫ్యాన్లు ఇప్పుడు 550. పాత రికార్డింగ్, కొత్త రికార్డింగ్ పక్కపక్కన వింటే వేరే ఇంట్లో చదివినట్టుంది.

కొత్త క్యాబినెట్ అవసరమే లేదంటారా అయితే?

మెష్‌వాది
గోరుతో పోయేదానికి గొడ్డలెందుకు.

డబ్బా_ప్రియుడు
ఆగాగు. డిస్కులు వద్దంటే పాత రికార్డింగులు ఎక్కడ పెట్టుకుంటుంది? వాటినే మంచి పెట్టెలో రబ్బరు వాషర్ల మీద పెడితే ఆ వణుకు రేకుదాకా పోదు కదా. నా పెట్టెలో డిస్కులు అలాగే ఉన్నాయి, చెయ్యి పెట్టినా తెలీదు.

పాత_ఇనుము
అది నిజం. ఇంకా పాత పద్ధతి ఉంది: బట్టల్లో వేసే ఎలాస్టిక్ నాడాతో డిస్క్‌ని గూట్లో ఉయ్యాల కట్టేవాళ్లం. రబ్బరు కంటే బాగా పనిచేస్తుంది. కాకపోతే సిస్టమ్ కదిలించే ముందు డిస్కులు విప్పాలి, మర్చిపోతే ఉయ్యాల్లో పిల్లాడు బయట పడతాడు.

గొంతు_సవరణ
అసలు సంగతి చెప్తే తిడతారేమో. మీరు జవాబులిచ్చేలోపే క్యాబినెట్ ఆర్డర్ పెట్టేశాను. 802 గానీ డిఫైన్ గానీ కాదు, ఇంకోటి, ముందు మెష్. దాంతో పాటు నాక్టువా ఎన్‌హెచ్-డీ15 కూలర్. 140 ఫ్యాన్లు.

నిదానం_140
అక్కా!! 140!!

డబ్బా_ప్రియుడు
మెష్ అట. నేను పోతున్నా ఈ చర్చలోంచి.

మెష్‌వాది
పోతూ పోతూ తలుపు మూసి వెళ్లు, నీకిష్టమే కదా.

వైర్లవాన
డీ15 ఎత్తు 165 మి.మీ. క్యాబినెట్‌లో కూలర్‌కి చోటెంతో చూశావా?

గొంతు_సవరణ
170 అని రాసుంది. 5 మిగులుతుంది.

వైర్లవాన
ర్యామ్ పొడుగుదా పొట్టిదా? రంగుల లైట్లు గట్రా ఉన్నాయా?

గొంతు_సవరణ
ర్యామ్‌కీ కూలర్‌కీ ఏంటి సంబంధం

వైర్లవాన
అయ్యో.

గొంతు_సవరణ
ఆదివారం బిగించా. సంబంధం ఏంటో తెలిసింది.

కూలర్ ముందు ఫ్యాన్ సరిగ్గా ర్యామ్ నెత్తి మీద కూర్చుంటోంది. మా ర్యామ్ కిరీటం పెట్టుకుని ఉంది. ఫ్యాన్‌ని పైకి జరిపితే కూర్చుంది గానీ, 165 కాస్తా 175 దాటింది. పక్క తలుపు మూయబోతే ఒక మూల మూసుకుంటే ఇంకో మూల లేస్తుంది. అరగంట కుస్తీ. మొత్తం విప్పి పాత కూలర్ పెట్టేద్దామనుకున్నా, ఏడుపొచ్చింది.

వైర్లవాన
విప్పొద్దు. ముందు ఫ్యాన్ ఒక్కటి తీసేయ్. మధ్యలో ఇంకో ఫ్యాన్ ఉంటుంది కదా, దాన్ని ఉంచు. ఒక్క ఫ్యాన్‌తో వాడుకునే వీలు దానికి ఉంది, అప్పుడు ర్యామ్ మీద చోటు 64 మి.మీ. దాకా వస్తుంది. మామూలు ప్రాసెసర్‌కి ఒక్కటి చాలు, తేడా రెండు మూడు డిగ్రీలకి మించదు. ఒక ఫ్యాన్ తగ్గితే చప్పుడూ తగ్గినట్టే.

గొంతు_సవరణ
మూసుకుంది!!! ఒక్క ఫ్యాన్‌తో. మిగిలిన ఫ్యాన్‌ని క్యాబినెట్ వెనక పెడదామంటే అక్కడ అంత పెద్ద ఫ్యాన్‌కి చోటు చాలదు.

రెండోస్క్రూ
బల్ల మీద పెట్టుకో, చదివేటప్పుడు గాలి వస్తుంది.

కీచురాయి
రికార్డింగులో అది కూడా వినపడుతుంది, మళ్లీ కొత్త చర్చ తెరవాలి.

గొంతు_సవరణ
ఇప్పుడు కొత్త గొడవ. ఫైల్ తెరిచినా, బ్రౌజర్‌లో ఒక పేజీ తెరిచినా కూలర్ ఫ్యాన్ 'హుయ్' అని లేచి, రెండు సెకన్లలో పడుకుంటోంది. చప్పుడు పెద్దది కాదు. ఆ లేవడం పడుకోవడమే చిరాకు.

పాత_ఇనుము
ప్రాసెసర్ ఉష్ణోగ్రత చిటికెలో 20 డిగ్రీలు ఎగిరి చిటికెలో దిగుతుంది. ఫ్యాన్ ఆ గెంతుల వెంట పరిగెత్తక్కర్లేదు, అంత పెద్ద లోహపు ముద్ద వేడెక్కడానికి నిమిషాలు పడుతుంది. బయోస్ ఫ్యాన్ సెట్టింగుల్లో 'స్టెప్ అప్ టైమ్' అనో 'స్మూతింగ్' అనో ఉంటుంది. ఉన్నదాంట్లో పెద్దది పెట్టండి. గ్రాఫ్‌లో 60 డిగ్రీల దాకా బల్లపరుపుగా ఒకే వేగం, ఆ తర్వాతే ఎక్కించండి. మెల్లగా మారే చప్పుడుని చెవి పట్టించుకోదు. నిలకడగా ఉన్న 700 కంటే ఎక్కి దిగే 500 ఎక్కువ విసిగిస్తుంది.

బుసబుస
క్యాబినెట్ ఫ్యాన్లు కూడా ప్రాసెసర్ వేడినే చూస్తాయి కదా, కార్డ్ వేడెక్కినప్పుడు వాటికి తెలీదు. అది ఎలా?

వైర్లవాన
విండోస్‌లో 'ఫ్యాన్ కంట్రోల్' అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, కార్డ్ ఉష్ణోగ్రత చూసి క్యాబినెట్ ఫ్యాన్ తిప్పమని చెప్పొచ్చు. నీలాంటి 300 వాట్ల వాళ్లకి అది తప్పనిసరి.

కీచురాయి
ఇంకో చిట్కా. దాదాపు ఒకే వేగంతో తిరిగే రెండు ఫ్యాన్లు కూడా డిస్కుల్లాగే 'వూం-వూం' అంటాయి. ముందున్న రెంటిలో ఒకటి 550, ఇంకోటి 620 పెట్టి చూడు.

గొంతు_సవరణ
పెట్టా. బ్రహ్మాండం. ముందు 550, 620. వెనక 600. కూలర్ 60 డిగ్రీల దాకా 500. ఒక గంట చదివాక ప్రాసెసర్ 46.

కానీ... ఇప్పుడు స్క్రీన్ మీద పేజీ జరుపుతుంటే సన్నగా 'చీ...' అని వినిపిస్తోంది. ఇది ఎప్పుడూ లేదు. జరపడం ఆపితే ఆగిపోతోంది.

కీచురాయి
స్వాగతం, మా కులంలో చేరిపోయావు. కాయిల్ వైన్. గ్రాఫిక్స్ కార్డ్ మీద కరెంటు మలిచే తీగచుట్టలు వణికే శబ్దం. ఎప్పుడూ ఉంది, ఫ్యాన్ల హోరులో నీకు వినపడలేదు. ఫ్రేమ్ రేట్‌కి (సెకనుకి కార్డ్ గీసే బొమ్మలకి) గరిష్ఠం 60 అని పరిమితి పెట్టు, కార్డ్ ఓల్టేజ్ కాస్త తగ్గించు, తగ్గుతుంది. పూర్తిగా పోదు.

డబ్బా_ప్రియుడు
చెప్పకూడదు గానీ, సన్నటి కీచు శబ్దం. ఫోమ్ తినేది దాన్నే. తలుపుంటే వినపడేది కాదు.

మెష్‌వాది
పోయానన్నావుగా.

డబ్బా_ప్రియుడు
ఈ ఒక్క మాట కోసం తిరిగొచ్చా.

పాత_ఇనుము
ఈసారి డబ్బా_ప్రియుడే గెలిచాడు, ఒప్పుకో. సవరణ గారూ, మీ మైకు కార్డియాయిడ్ రకం అయితే దాని వీపు సిస్టమ్ వైపు ఉండేలా తిప్పండి. ఆ మైకు వెనక నుంచి వచ్చేది తక్కువ వింటుంది. సిస్టమ్‌ని బల్ల మీద నుంచి కింద, వీలైనంత దూరంగా దించండి. దూరం రెండింతలైతే ఖాళీ చోట 6 డెసిబెల్ తగ్గుతుంది, గదిలో గోడలుంటాయి కాబట్టి కాస్త తక్కువ. తివాచీ మీద మాత్రం పెట్టకండి, పవర్ సప్లై కింద నుంచి గాలి పీల్చుకుంటుంది.

గొంతు_సవరణ
మైకు అదే రకం. ఇన్నాళ్లూ దాని మొహం సరిగ్గా సిస్టమ్ వైపే ఉంది. ఎవరికీ చెప్పకండి.

తిప్పాక, కిందకి దించాక, 'చీ' రికార్డింగులో లేదు. చెవికి మాత్రం ఉంది, భరిస్తా.

నిదానం_140
డిస్కులు ఏమయ్యాయి అక్కా? మళ్లీ లోపల పెట్టావా?

గొంతు_సవరణ
లేదు. పాత బోర్డు ఒకటి పడుంటే, ఆ డప్పు క్యాబినెట్‌లోనే దాన్నీ డిస్కులనీ బిగించి నెట్‌వర్క్ తీగ లాగి మా నాన్న గదిలో పెట్టా. ఫైళ్లు అక్కణ్ణుంచే వస్తున్నాయి. పొద్దున్న మా నాన్న అడుగుతున్నాడు, 'అమ్మాయ్, రాత్రంతా బీరువా పక్కన ఎవరో ఊపిరి తీస్తున్నట్టుంది, నీకేమన్నా వినిపించిందా' అని.

పాత_ఇనుము
డిస్కుల కింద రబ్బరు పెట్టారా?

గొంతు_సవరణ
లేదు

పాత_ఇనుము
పెట్టండి తల్లీ. ఈ రాత్రికే.